పేరు చెప్పని విలుకాడు ఇషి

బాణం అనగానే మనకు ఏకలవ్యుడు, అల్లూరి గుర్తుకొస్తారు. ఈసారి మనం అమెరికా ఆదివాసీ ఇషి గురించి తెలుసుకుందాం.

ఇషి కాలిఫోర్నియాలోని యాహి తెగవాడు. వలస వచ్చిన తెల్లవారు ఆ తెగను ఊచకోత కోశారు. మిగిలిన కొద్దిమంది ఏళ్ల తరబడి కొండల్లో దాక్కున్నారు. అందరూ పోయాక 1911 ఆగస్టులో ఇషి ఒంటరిగా, ఆకలితో ఓరోవిల్ పట్టణం చేరాడు. తన పేరు తానే చెప్పుకోవడం వారి ఆచారం కాదు. అందుకే మానవశాస్త్రవేత్త క్రోబర్ ఆయన్ని ఇషి అన్నాడు. ఆ మాటకు వారి భాషలో మనిషి అని అర్థం.

శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో ఉంటూ డాక్టర్ సాక్స్‌టన్ పోప్‌కు విలువిద్య నేర్పాడు. ఈకలను నిలువునా చీల్చి, మూడింటిని బాణం వెనుక అమర్చి, జింక నరంతో బిగించేవాడు. బాణానికి కట్టే ఈకలన్నీ ఒకే వైపు రెక్కవి కావాలి. కుడివీ ఎడమవీ కలిస్తే వంపులు ఎదురెదురై బాణం నిలకడ తప్పుతుంది. ఒకే వైపువైతే గాలిలో తిరుగుతూ సూటిగా పోతుంది.

1916 మార్చి 25న ఇషి క్షయతో కన్నుమూశాడు. శవపరీక్షలో తీసిన మెదడును స్మిత్సోనియన్ సంస్థకు పంపారు. 2000లో ఆదివాసీలు దాన్ని తిరిగి తెచ్చుకుని, చితాభస్మంతో కలిపి సొంత నేలలో పూడ్చారు.

హాస్టల్లో చేరిన కొత్తలో మనం ఇంట్లో తాతలు చేసే పని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాం. ఇషి చేతిలోనిదీ అలాంటి పనే. దానికోసం ఒక డాక్టరు శిష్యుడిగా కూర్చున్నాడు. ఈ సెలవుల్లో మనమూ మన తాతల దగ్గర కూర్చుందాం.