కలియుగ భీముని ఉపాసన

పలాస, టెక్కలి ప్రాంతములందును, కొబ్బరి జీడిమామిడి తోటల నీడనున్న ఉద్దానపు తీరగ్రామములందును, బాలుడెవడైన బరువైన బండ నెత్తి చూపినచో పెద్దలకు వెంటనే స్ఫురించు పేరు కోడి రామమూర్తి. ఆ మహామల్లుని జన్మస్థలమగు వీరఘట్టము ఈ తీరమునకు పడమట, పాలకొండకు సమీపమున కలదు. 2022 వరకు అది శ్రీకాకుళం జిల్లాలోనిదే. నేడు పార్వతీపురం మన్యం జిల్లాకు చెందినది.

కోడి రామమూర్తినాయుడు 1880 తరువాతి తొలి యేండ్లలో జన్మించెను. తండ్రి వెంకన్ననాయుడు. తల్లి ఆయన పసితనముననే గతించెను. బాలునకు పుస్తకములకన్న సాముగరిడీలపై మక్కువ యెక్కువ. తండ్రి ఆయనను విజయనగరమున పోలీసుశాఖలో నున్న బంధువు నారాయణస్వామి యొద్దకు పంపెను. అచట కసరత్తు, మల్లయుద్ధము అలవడెను. పిమ్మట మద్రాసు చెంత సైదాపేటలో వ్యాయామశిక్షణము పొంది, విజయనగరమునకు మరలివచ్చి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడయ్యెను. కలియుగ భీముడు మొదట ఒక బడిపంతులన్న సంగతి ఉపాధ్యాయులు మరువరానిది.

తరువాత పొట్టి పంతులు అను మిత్రుని తోడ్పాటుతో ఆయన సర్కసు నెలకొల్పెను. గాలి పూరించి ఊపిరి బిగబట్టినంతనే ఒంటికి చుట్టిన ఇనుపగొలుసు తెగిపడెడిది. త్రాళ్లతో పట్టిన మోటారుకార్లు ఇరువైపుల కదలలేక నిలిచిపోయెడివి. రొమ్ముపై పలక పరచుకొని దానిపై ఏనుగును నిలుపుకొనెడివాడు. పూనాలో బాలగంగాధర తిలకు ఆ ప్రదర్శనము చూచి మెచ్చుకొని, మల్లమార్తాండ బిరుదమిచ్చెను. సముద్రములు దాటి లండను చేరినప్పుడు ఇండియన్ హెర్క్యులిస్ అను పేరు వచ్చెను.

మన దేశమున గరిడీకిని గుడికిని నడుమ గోడ లేదు. మల్లుడు గోదాలోని మట్టిని కన్నుల కద్దుకొనును. ఆంజనేయుని తలచుకొని గాని తొడ చరచడు. రామమూర్తినాయుడు ఆంజనేయోపాసకుడని జనశ్రుతి. అయితే టిక్కెట్టు కొన్న వేలమంది యెదుట భగవంతుని స్మరించుట భక్తియా, వేడుకలో నొక భాగమా యను ప్రశ్న రాక మానదు. డేరాలో వెలుగుచున్న దీపములు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పజాలవు. డేరా వెలుపలి నడవడియే చెప్పవలెను.

ఆయన మాంసము ముట్టలేదు. బ్రహ్మచర్యము పాటించెను. ప్రాణాయామమును నిత్యసాధనగా నుంచుకొనెను. ఆ కాలమున శాండో మొదలగు ఐరోపా బలశాలులు కండపుష్టికే జగత్ప్రసిద్ధులు. శాకాహారియైన మనవాడు శ్వాసనియమముతో వారి సరసన నిలిచినప్పుడు, పరపాలనలో తలవంచుకొనియున్న జాతికి ఆ దృశ్యము ఒక ధైర్యవచనమయ్యెను. కాని మంత్రబలము చేతనే గొలుసులు తెగినవని విద్యార్థులు భ్రమపడరాదు. ఉపాసన ఆయనకు కసరత్తును మాన్పలేదు. కసరత్తును నియమముగా చేయించెను. పలకపై ఏనుగు నిలుచుటకు వెనుక విజయనగరపు సాము, సైదాపేట శిక్షణము, యేండ్ల తరబడి సాధించిన ఊపిరి పట్టు కలవు.

విశ్వాసమును క్రీడారంగమున వెల్లడించుట ఒక్క మతమునకు చెందిన వాడుక కాదు. 1924లో పారిసు ఒలింపిక్సున స్కాట్లండు యువకుడు ఎరిక్ లిడ్డెల్, పోటీలు ఆదివారమున పడినవని 100 మీటర్ల పందెమును వదలుకొని, 400 మీటర్ల పందెమున స్వర్ణము గెలిచెను. పిదప చైనాలో మతసేవకై వెడలి, 1945లో జపానువారి నిర్బంధశిబిరమున ప్రాణము విడిచెను. అతని విశ్వాసమునకు నిజమైన సాక్ష్యము పారిసులోని జయధ్వానములకన్న ఆ శిబిరములోని చివరి దినములే.

రామమూర్తినాయునికిని అట్టి పరీక్ష వచ్చెను. ఆయన ఆర్జించిన ధనము దానధర్మములలో కరిగిపోయెను. కాలికి వ్యాధి సోకి, కాలు తీయవలసివచ్చెను. మత్తుమందు వద్దని, ప్రాణాయామముతోనే ఆ బాధను సహించెనని ఆయన కథ చెప్పువారందరును చెప్పుదురు. లోకమంతయు చూచిన కాలది. కార్లను నిలిపినప్పుడు నేలను పట్టి నిలిచిన కాలది. ఈసారి చప్పట్లు లేవు, బిరుదములు లేవు. ఊపిరియును, దైవమును మాత్రమే తోడు.

1942 జనవరిలో, ఒరిస్సాలోని పాట్నా సంస్థానపు బలంగీరులో ఆయన కన్నుమూసెను. విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహము నిలిచియున్నది. శ్రీకాకుళమున క్రీడాప్రాంగణమునకు ఆయన పేరున్నది. నేడు ఆటగాండ్రు గెలిచినంతనే ఆకాశము వంక చూతురు, నేలకు మ్రొక్కుదురు, సిలువగుర్తు వేసికొందురు. అందు తప్పులేదు. అయితే ఆ మ్రొక్కు విలువ గెలిచిన నిమిషమున తేలదు. కాలు పోయిన దినమున, చూచువారెవ్వరు లేనప్పుడు నిలిచిన నియమమే దానిని తేల్చును. ఉద్దానపు ఇసుకలో పరుగులు నేర్చు బాలునకు కలియుగ భీముడు విడిచిపోయిన పాఠమిదియే.