ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్

ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్ (జూలై 26, 1904 - సెప్టెంబరు 7, 1981) విమానం నడపడాన్ని నేలమీదనే నేర్పగల యంత్రాన్ని రూపొందించిన అమెరికా దేశపు ఆవిష్కర్త, వైమానికుడు, పారిశ్రామికవేత్త. ఇతడు నిర్మించిన లింక్ ట్రెయినరు నేటి ఫ్లైట్ సిమ్యులేటర్లన్నింటికీ మూలరూపము. మొదట సంతలలో పిల్లలు ఎక్కి ఆడుకొనే వినోద సాధనంగా మాత్రమే చెలామణి అయిన ఈ యంత్రము, రెండవ ప్రపంచ యుద్ధ కాలానికి అయిదు లక్షలమందికి పైగా వైమానికులకు శిక్షణనిచ్చింది. జీవితపు ఉత్తరార్ధంలో లింక్ సముద్రగర్భ పరిశోధనకు అంకితమై, మానవుడు లోతైన నీటిలో ఎక్కువకాలం పనిచేయడానికి వీలు కల్పించే సాధనాలను తయారుచేశాడు.

బాల్యము, కుటుంబ నేపథ్యము

లింక్ 1904 జూలై 26న ఇండియానా రాష్ట్రంలోని హంటింగ్టన్ పట్టణంలో జన్మించాడు. 1910లో ఈ కుటుంబము న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌కు తరలివెళ్ళింది. అక్కడ దివాలా తీసిన ఒక వాద్యపరికరాల సంస్థను తండ్రి చేపట్టి, లింక్ పియానో, ఆర్గన్ కంపెనీగా తీర్చిదిద్దాడు. ఈ కర్మాగారంలో తమంతట తామే మ్రోగే పియానోలు, సినిమాశాలల్లో ఉపయోగించే పెద్ద ఆర్గన్‌లు తయారయ్యేవి. చిల్లులు పెట్టిన కాగితపు చుట్ట తిరుగుతూ ఉంటే, ఆ చిల్లుల గుండా ప్రసరించే గాలి స్వరాలను పలికించేది.

లింక్ పాఠశాల చదువులో రాణించలేదు. పలు పాఠశాలలు మారినా పట్టభద్రుడు కాలేదు. అతడు అసలు విద్యను నేర్చినది తండ్రి కర్మాగారంలోనే. పంపులు, కవాటాలు, తోలు తిత్తులు విప్పి మరల బిగించడంలో చిన్ననాటనే నైపుణ్యము సంపాదించాడు.

విమానయానంపై ఆసక్తి

1920లో, పదహారేళ్ళ వయస్సులో, లింక్ కాలిఫోర్నియాలో మొదటి విమాన పాఠానికి 50 డాలర్లు చెల్లించాడు. ఆనాటికి అది చిన్న మొత్తము కాదు. శిక్షకుడు దాదాపు గంటసేపు విమానాన్ని గింగిరాలు కొట్టించి కిందికి దించాడే తప్ప, విద్యార్థి చేతికి ఒక్కసారైనా చోదన దండాన్ని అందించలేదు. డబ్బు ఖర్చయింది గాని పాఠము మాత్రము జరగలేదు. విమానయానాన్ని బోధించే పద్ధతి ఇది కాదన్న అభిప్రాయము అతనిలో అప్పుడే నాటుకొన్నది. తండ్రికి ఈ వ్యామోహము నచ్చకపోయినా, లింక్ క్రమంగా విమానము నడపడం నేర్చుకొని, సెస్నా సంస్థ తొలినాళ్ళలో అమ్మిన విమానమొకటి కొన్నాడు. ఊరూరా తిరిగి విన్యాసాలు చూపుతూ, ప్రయాణికులను ఎక్కించుకొంటూ కొంతకాలము జీవనము సాగించాడు.

ఆ రోజుల్లో విమాన శిక్షణ అంతా ఆకాశంలోనే జరిగేది. విద్యార్థి చేసే ప్రతి పొరపాటుకు ఇంధనమో, విమానమో, ప్రాణమో మూల్యంగా చెల్లించవలసివచ్చేది. తప్పులు చేసి దిద్దుకొనే అవకాశము నేలమీద కల్పించగలిగితే ఈ నష్టము తప్పుతుందని లింక్ భావించాడు.

యంత్ర నిర్మాణము

1927 నుండి 1929 వరకు కర్మాగారపు నేలమాళిగలో లింక్ తన యంత్రాన్ని నిర్మించాడు. చిన్న రెక్కలు, తోక గల చెక్క విమానము వంటి పెట్టె ఒకటి మధ్యనున్న కీలుపై నిలబడి ఉంటుంది. దాని అడుగున ముందు, వెనుక, కుడి, ఎడమలందు తిత్తులుంటాయి. విద్యుత్తుతో నడిచే పంపు వాటిలోని గాలిని లాగివేస్తుంది. విద్యార్థి దండాన్ని ముందుకు నెడితే సంబంధిత కవాటము తెరుచుకొని, ముందరి తిత్తి ముడుచుకొంటుంది, పెట్టె ముక్కు కిందికి వాలుతుంది. దండాన్ని పక్కకు వంచితే పెట్టె ఆ పక్కకు ఒరుగుతుంది. కాలి పెడలును తొక్కితే, పియానోలో కాగితపు చుట్టను తిప్పే గాలిమోటారు వంటిదే మొత్తం పెట్టెను గుండ్రంగా తిప్పుతుంది. హార్మోనియం తిత్తిని చూచినవారికి ఈ ఏర్పాటులోని మూలసూత్రము సులభంగా బోధపడుతుంది. పటాన్‌చెరు, పాశమైలారం వంటి పారిశ్రామికవాడలలో వాక్యూమ్ పంపులు, గాలితో పనిచేసే వాల్వులతో నిత్యము పనిచేసేవారికి ఇందులో తెలియని భాగమంటూ ఉండదు. కొత్తదనమంతా వాటిని ఒకచోట కూర్చి, మనిషి చేతికదలికకు బదులిచ్చేట్లు చేయడంలోనే ఉన్నది.

ఈ యంత్రానికి లింక్ 1929లో పేటెంటుకు దరఖాస్తు చేయగా 1931లో లభించింది. విద్యార్థి వైమానికులకు శిక్షణ, వినోదము అనే రెండు ప్రయోజనాలూ ఆ పేటెంటు శీర్షికలోనే ఉన్నాయి.

నిరాదరణ

లింక్ ఆశించినట్లు విమాన పాఠశాలలు గాని, సైన్యము గాని ఈ యంత్రాన్ని కొనలేదు. గాలిలోకి లేవని పెట్టెలో కూర్చొని విమానము నడపడం నేర్చుకోవచ్చునంటే అనుభవజ్ఞులైన వైమానికులు నమ్మలేదు. వినోద ఉద్యానవనాలవారు మాత్రము దీనిని నాణెము వేస్తే ఊగే ఆటవస్తువుగా కొన్నారు. ఇంతలో 1929నాటి ఆర్థిక సంక్షోభము వచ్చి, పియానో వ్యాపారము దెబ్బతిన్నది. 1930లో లింక్ తానే ఒక విమాన పాఠశాల ప్రారంభించి, యంత్రముపై అభ్యాసము, ఆ పిదప అసలు విమానముపై కొద్దిపాటి శిక్షణతో 85 డాలర్లకే విద్యార్థిని ఒంటరిగా విమానము నడిపే స్థాయికి తీసుకొని రాసాగాడు. ఆదాయము చాలక, విమానపు రెక్కల అడుగున దీపాలు అమర్చి రాత్రివేళ ఆకాశంలో వ్యాపార ప్రకటనలు ప్రదర్శించేవాడు. ఆ దీపాలను వెలిగించి ఆర్పే యంత్రాంగము కూడా పియానో చుట్ట నుండి వచ్చినదే.

1931లో పత్రికా రచయిత్రి మేరియన్ క్లేటన్‌తో లింక్ వివాహము జరిగింది. వ్యాపార వ్యవహారాలలోను, తరువాతి సముద్రయానాలలోను ఆమె భర్తకు తోడుగా నిలిచింది. వీరికి ఇద్దరు కుమారులు.

తపాలా విమానాల దుర్ఘటనలు (1934)

1934 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ ప్రైవేటు సంస్థల విమాన తపాలా కాంట్రాక్టులను రద్దుచేసి, ఆ బాధ్యతను సైనిక వైమానిక దళానికి అప్పగించాడు. సైనిక వైమానికులలో అధికులకు పగటిపూట, నేల కనబడే వాతావరణంలో నడపడమే అలవాటు. ఆ చలికాలపు మంచులో, చీకటిలో వారు దారితప్పి వరుసగా కూలిపోయారు. కొద్ది నెలలలోనే పలువురు వైమానిక సిబ్బంది మరణించారు. దేశమంతటా ఆందోళన చెలరేగింది.

ఈ మరణాలకు ముఖ్య కారణము ధైర్యము లోపించడం కాదు. మేఘంలో గాని, పొగమంచులో గాని దిగంతరేఖ కనబడనప్పుడు మనిషి చెవి లోపలి సమతౌల్యేంద్రియము అతనిని మోసగిస్తుంది. విమానము నెమ్మదిగా ఒరిగి తిరుగుతున్నా, కూర్చున్నవానికి తిన్నగా పోతున్నట్లే తోస్తుంది. శరీరము చెప్పినదానిని నమ్మినవాడు సుడితిరుగుతూ నేలను తాకుతాడు. ఎదుటనున్న పరికరాలను నమ్మినవాడు బ్రతుకుతాడు. ఈ నమ్మకము ఉపన్యాసాలతో రాదు, అభ్యాసముతోనే వస్తుంది. లింక్ యంత్రముపై మూత వేసి, విద్యార్థికి పరికరాలు తప్ప మరేమీ కనబడకుండా చేస్తే, ప్రాణభయము లేకుండా ఆ అభ్యాసము ఎన్నిసార్లయినా చేయవచ్చును.

ఈ కాలంలోనే సైనికాధికారులు న్యూవార్క్ విమానాశ్రయంలో లింక్‌ను కలువడానికి ఏర్పాటయింది. ఆనాడు దట్టమైన మంచు కమ్మియుండటంతో అతడు రాలేడని అధికారులు వెనుదిరుగబోతుండగా, లింక్ పరికరాల ఆధారంతోనే తన విమానాన్ని క్షేమంగా దించాడు. ఏ ప్రసంగమూ ఇవ్వలేని నిదర్శనము ఆ విమానావతరణమే ఇచ్చింది. 1934 జూన్‌లో సైన్యము ఒక్కొక్కటి 3,500 డాలర్ల వంతున ఆరు యంత్రాలను కొన్నది.

రెండవ ప్రపంచ యుద్ధము

ఆ పిమ్మట పలు దేశాలు ఈ యంత్రాన్ని కొన్నాయి. వాటిలో జపాను నౌకాదళము కూడా ఉన్నది. యుద్ధము నాటికి ఒకే రకపు యంత్రముపై శిక్షణ పొందినవారు ఇరుపక్షాలలోనూ ఉన్నారు. యుద్ధకాలంలో పదివేలకు పైగా యంత్రాలు తయారయ్యాయి. నీలిరంగు వలన దీనికి నీలిపెట్టె అనే పేరు స్థిరపడింది.

శిక్షణ ఒక క్రమంలో జరిగేది. విద్యార్థి మొదట తిన్నగా, సమతలంగా నడపడం, తరువాత నిర్ణీత వేగంతో మలుపు తిరగడం, ఎక్కడం, దిగడం అభ్యసించేవాడు. ఒకే పరికరము వైపు చూస్తూ ఉండిపోక, అన్నింటిమీద వరుసగా దృష్టి త్రిప్పడం అలవరచుకొనేవాడు. ఆ తరువాతనే రేడియో సంకేతాలను అనుసరించి దారి కనుగొనడం, దిగడానికి సిద్ధపడటం నేర్పేవారు. శిక్షకుడు వేరొక బల్లవద్ద కూర్చొని మైకు ద్వారా మాట్లాడేవాడు. ఆ బల్లపైనున్న పటముమీద చిన్న చక్రాల గీతపరికరము విద్యార్థి ప్రయాణించిన దారిని సిరాతో గీసేది. పాఠము ముగిసిన పిదప విద్యార్థి తన తప్పును తన కళ్ళతోనే చూచుకొనేవాడు.

అట్లాంటిక్ సముద్రాన్ని రాత్రివేళ దాటవలసిన బాంబరు విమానాల సిబ్బంది కొరకు, బ్రిటను కోరికపై, నక్షత్రాల ఆధారంగా దిక్కు తెలుసుకొనడం నేర్పే మరొక యంత్రాన్ని నౌకాయాన శాస్త్రజ్ఞుడు వీమ్స్‌తో కలిసి లింక్ రూపొందించాడు. 45 అడుగుల ఎత్తుగల గోపురంలో కృత్రిమ నక్షత్ర మండలము క్రింద ఈ శిక్షణ సాగేది. యుద్ధానంతరము జెట్ విమానాలకు తగిన సి-11 శిక్షణాయంత్రము వెలువడింది. 1954లో లింక్ సంస్థ జనరల్ ప్రెసిషన్ సంస్థలో విలీనమయింది. చంద్రయాత్రకు వెళ్ళిన అపోలో వ్యోమగాముల సిమ్యులేటర్లను తయారుచేసినది ఈ లింక్ విభాగమే.

సముద్రగర్భ పరిశోధనలు

వ్యాపారభారము తగ్గిన తరువాత లింక్ దృష్టి సముద్రము వైపు మరలింది. సీ డైవర్ అనే తన నౌకలో భార్యాసమేతంగా ప్రయాణిస్తూ, 1692 భూకంపంలో మునిగిపోయిన జమైకాలోని పోర్ట్ రాయల్ నగర శిథిలాలను 1959లో అన్వేషించాడు. 1962 సెప్టెంబరులో అతడు రూపొందించిన స్థూపాకారపు గదిని ఆధారము చేసుకొని బెల్జియం దేశీయుడు రాబర్ట్ స్టెనుయ్ మధ్యధరా సముద్రంలో 200 అడుగుల లోతున 24 గంటలకు పైగా గడిపాడు. 1964లో స్టెనుయ్, జాన్ లిండ్‌బర్గ్‌లు బహామా దీవులవద్ద 432 అడుగుల లోతున రెండు రోజులు నివసించారు. 1971లో జాన్సన్ సీ లింక్ అనే చిన్న జలాంతర్గామి సిద్ధమయింది.

కుమారుని మరణము

1973 జూన్‌లో ఫ్లోరిడా తీరాన, మునిగియున్న ఓడ శిథిలాలలో జాన్సన్ సీ లింక్ చిక్కుకొన్నది. దానిని పైకి తేవడానికి ఒకరోజుకు పైగా పట్టింది. ముందరి గదిలోని ఇద్దరు బ్రతికారు. వెనుక గదిలోనున్న లింక్ కుమారుడు ఎడ్విన్ క్లేటన్ (31 సంవత్సరాలు), ఆల్బర్ట్ స్టోవర్ బొగ్గుపులుసు వాయువు పేరుకొనడం వలన మరణించారు. ముందరి గది అక్రిలిక్ గోళము కావడంతో వెచ్చగా ఉన్నది. వెనుక గది అల్యూమినియముతో చేసినది కావడంతో సముద్రపు చలికి త్వరగా చల్లబడింది. ఆ చలిలో, గాలిని శుద్ధిచేసే రసాయనము శక్తి కోల్పోయింది.

శిక్షణలో మరణాలను తగ్గించడానికి జీవితము ధారపోసిన మనిషికి, తాను రూపొందించిన వాహనంలోనే కుమారుడు మరణించడం తీరని దెబ్బ. అయినను లింక్ పని విరమించలేదు. తరువాతి రెండేళ్ళు, లోతున చిక్కుకొన్న జలాంతర్గామిని విడిపించగల, మనిషి లేని రక్షణ సాధనాన్ని నిర్మించడానికి వినియోగించాడు.

భారతదేశము, తెలుగు నేల

భారత వాయుసేన శిక్షణలోను లింక్ యంత్రాలు వాడుకలో ఉండేవి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాదు బేగంపేటలో ప్రాథమిక వైమానిక శిక్షణాలయము నడిచింది. తరువాతి కాలంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన కేంద్ర శిక్షణా సంస్థను హైదరాబాదులో నెలకొల్పి, ప్రయాణికుల విమానాల సిమ్యులేటర్లపై పైలట్లకు శిక్షణనిచ్చింది. 1967లో శంకుస్థాపన జరిగిన దుండిగల్ వైమానిక దళ అకాడమీ పటాన్‌చెరుకు ఈశాన్యంగా, బాహ్య వలయ రహదారి మీదుగా కొద్ది దూరంలోనే ఉన్నది. 2013లో ఇక్కడ పిలాటస్ పీసీ-7 శిక్షణ విమానాలు ప్రవేశించాయి. 2023 డిసెంబరు 4న ఈ రకపు విమానము ఒకటి మెదక్ జిల్లా తూప్రాన్ సమీపాన కూలి, అందులోని ఇద్దరూ మరణించారు. నేలమీది అభ్యాసము ప్రమాదాలను తగ్గించగలదే గాని పూర్తిగా తొలగించలేదు.

ఇంటి కంప్యూటర్లలో యుద్ధవిమాన సిమ్యులేటర్లు

లింక్ తన చివరి సంవత్సరాలలో ఉండగానే ఈ విద్య ఇంటి కంప్యూటరులోకి ప్రవేశించింది. బ్రూస్ ఆర్ట్‌విక్ రచించిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఆపిల్ కంప్యూటరుకు వెలువడగా, 1982లో మైక్రోసాఫ్ట్ దానిని విడుదల చేసింది. ఫాల్కన్ 4.0 (1998), ఐఎల్-2 స్టుర్మోవిక్ (2001), డీసీఎస్ శ్రేణి (2008 నుండి) యుద్ధవిమానాలను వాస్తవానికి సన్నిహితంగా చూపించాయి. డీసీఎస్ ఏ-10సీకి మూలము అమెరికా ఎయిర్ నేషనల్ గార్డు కొరకు తయారైన శిక్షణ సాఫ్టువేరు. లింక్ యంత్రము సంతనుండి సైన్యానికి వెళ్ళగా, ఇది సైన్యమునుండి ఇంటికి వచ్చింది.

వీటిని నేర్చుకొనేవారికి నీలిపెట్టెనాటి క్రమమే నేటికీ వర్తిస్తుంది. తిన్నగా నడపడం, మలుపులు, పరికరాలపై దృష్టి, విమానాన్ని దించడం వచ్చిన తరువాతనే రాడారు, ఆయుధాల జోలికి పోవాలి. ముందే పోరాటంలోకి దిగినవాడు శత్రువుకంటె ముందు తన విమానము చేతిలోనే ఓడిపోతాడు. అయితే తెరమీది విమానము శరీరముపై పడే గురుత్వభారాన్ని, ప్రాణభయాన్ని అనుభవంలోకి తేలేదు. అనుకరణ అసలుకు భిన్నంగా ఉన్నచోట తప్పుడు అలవాట్లు కూడా పట్టుబడతాయి. కనుక ఇది అసలు శిక్షణకు సహాయకారియే గాని ప్రత్యామ్నాయము కాదు.

మరణము, గుర్తింపు

లింక్ 1981 సెప్టెంబరు 7న బింగ్‌హామ్‌టన్‌లో మరణించాడు.

* 1945లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ వారి హోవర్డ్ పాట్స్ పతకము లభించింది.
* 1953లో స్థాపించిన లింక్ ఫౌండేషను సిమ్యులేషను, సముద్ర ఇంజనీరింగు మొదలైన రంగాలలో పరిశోధక విద్యార్థులకు ఆర్థిక సహాయము అందిస్తూ వచ్చింది.
* 1976లో అమెరికా జాతీయ వైమానిక ప్రముఖుల జాబితాలోను, 2003లో జాతీయ ఆవిష్కర్తల జాబితాలోను ఇతని పేరు చేరింది.
* 2000లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘము లింక్ ట్రెయినరును చారిత్రక యంత్రంగా గుర్తించింది.
* బింగ్‌హామ్‌టన్ విమానాశ్రయపు మైదానానికి ఇతని పేరు పెట్టారు.