కాకతి గణపతిదేవుడు: చెరువులు, వలలవారు

కాకతీయులనగానే మనవారికి రుద్రమదేవి ఖడ్గమును, ప్రతాపరుద్రుని చెరయును జ్ఞప్తికి వచ్చును. వారికి ముందు 1199 మొదలు 1262 వఱకు, అఱువది యేండ్లకు పైగా, ఆంధ్రదేశమునేలిన గణపతిదేవుని పేరు పాఠశాలల పుస్తకములలో రెండు పంక్తులలో వచ్చి పోవును. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము. ఓరుగంటి కోట శిథిలమైనది. ఆ రాజవంశము 1323లో కూలినది. కాని ఆ ప్రభువు దినములలో కట్టిన చెరువులు నేటికిని నిండుచున్నవి. వానిని నమ్ముకొని మాగాణి యజమానులే కాక, వల భుజమున వైచుకొని తెల్లవాఱకమునుపే బయలుదేరు బెస్తవారు, గంగపుత్రులు, ముదిరాజులు, తెనుగువారును బ్రతుకుచున్నారు. కావున ఆయన చరిత్రమును కోట వైపునుండి కాక చెరువుకట్ట వైపునుండి చెప్పదలచితిమి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమల పాఠకులకు ఈ కథ పరాయిది కాదు.

గణపతిదేవుని యౌవనారంభము సుఖమైనది కాదు. అనుమకొండ వేయిస్తంభముల గుడి కట్టించిన పెదతండ్రి రుద్రదేవుడు దేవగిరి యాదవులతోడి యుద్ధమున మడిసెను. పిమ్మట సింహాసనమెక్కిన తండ్రి మహాదేవుడును కొలది యేండ్లలోనే ఆ దేవగిరిమీదికే దండెత్తి అచ్చటనే ప్రాణములు విడిచెను. గణపతి శత్రువుల చేతికి చిక్కి బందీయయ్యెను. రాజు లేని రాజ్యముపై సామంతులు నలుమూలలనుండి చేతులు చాచిరి. ఆ సమయమున రాజ్యమును నిలిపినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. సింహాసనమును తానే యాక్రమింపగల బలముండియు, ప్రభువు తిరిగి వచ్చువఱకు దానిని కాచి యిచ్చినాడు. కాకతిరాజ్యభారధౌరేయుడను బిరుదు ఆయనకు తగియున్నది. 1199 ప్రాంతమున యాదవరాజు జైతుగి గణపతిని విడిచి పంపెను. దయచేత విడిచితిమని యాదవుల శాసనములు చెప్పుకొన్నవి. దయచేత మాత్రమే రాజ్యములిచ్చిన రాజులు మాకు చరిత్రలో అరుదుగా కనబడుదురు. తూర్పున శత్రువునకంటె మిత్రుడుండుట మేలని జైతుగికి తోచియుండును. ఏమైనను, చెఱ విడిపించుకొని వచ్చిన యువకుడు దేవగిరిపై పగ సాధింపబోవక సముద్రము వైపు తిరిగెను.

1201లో ఆయన సేనలు బెజవాడ చేరెను. వెలనాటి పృథ్వీశ్వరుని బలము విఱిగెను. అచ్చటినుండి దివిసీమ. అది కృష్ణ సముద్రమును కలియు చోట ఉప్పుటేరుల నడుమనున్న దీవి. పడవ లేనిదే అడుగు పెట్టుటకు వీలుగాని చోటు. దానినేలిన అయ్య వంశమువారిని గెలిచిన పిమ్మట గణపతిదేవుడు వారిని వేరుతో పెఱుకలేదు. ఆ యింటి ఆడపడుచులైన నారాంబ, పేరాంబలను వివాహమాడెను. వారి సోదరుడు జాయపను తన గజసైన్యమునకు అధిపతిని చేసికొనెను. నృత్తరత్నావళి రచించిన జాయప సేనాని ఇతడే. గెలిచిన వంశమునుండి ఒక బంధువును, ఒక సేనానిని, ఒక శాస్త్రకర్తను సంపాదించుకొనిన రాజనీతి ఇది. నెల్లూరి మనుమసిద్ధి రాజ్యము కోల్పోయినపుడు తిక్కన సోమయాజి ఓరుగంటికి వచ్చి సాయమర్థించెననియు, గణపతిదేవుడు సేనలను పంపి మనుమసిద్ధిని మరల నిలిపెననియు మన సంప్రదాయము చెప్పుచున్నది.

యుద్ధములను ఇంతటితో ముగింతుము. ఆయన ఏలిన సీమ స్వభావమును చూడుడు. గోదావరీ కృష్ణల నడుమనున్న ఓరుగంటి మెట్ట ఎత్తైన రాతినేల. రెండు మహానదులు ఇరువైపుల పారుచున్నను లోతున పారును. ఆ కాలపు సాధనములతో వాని నీటిని పైకెత్తుట అసాధ్యము. ఉన్నది వాననీరు ఒక్కటే. అదియు నాలుగు మాసములు. దానిని గుట్టల నడుమ మట్టికట్టతో ఆపి, తూముగుండ మళ్లకు విడిచి, మిగిలినదానిని మత్తడిమీదుగా దిగువ చెరువునకు పంపుట యొక్కటే మార్గము. ఒక చెరువు మత్తడి నీరు మఱియొక చెరువునకు పుట్టుక. గొలుసుకట్టు చెరువులని నేడు మనమనుచున్నవి ఇవియే. చెరువు త్రవ్వించుట సప్తసంతానములలో ఒకటియని పెద్దలు చెప్పిరి. పుణ్యమొక్కటే చాలదని ఎఱిగిన ప్రభువులు కట్టినవానికి దశబంధమను పదియవ వంతు భూఫలమును కూడ ఏర్పఱచిరి. కావున రాజు ఒక్కడే కాదు; సామంతులు, మంత్రులు, రాజకుటుంబపు స్త్రీలు పోటీపడి చెరువులు కట్టించిరి.

రాజ్యము కాపాడిన రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో గుడి కట్టించి దాని చెంత చెరువును నిలిపెను. ఆ రామప్ప గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వముగ గుర్తించినది. ఆ చెరువును గుర్తించినవారు అంతకు ఎనిమిదివందల యేండ్లు ముందే అచ్చట వల వేసినవారు. 2019లో ములుగు వేఱు జిల్లా యగువఱకు ఆ యూరు భూపాలపల్లి జిల్లాలోనిదే. భూపాలపల్లి జిల్లాలో గణపురము పేరునందే గణపతి శబ్దము నిలిచియున్నది. అచ్చటి కోటగుళ్లు, చెరువు ఆ యుగపు గుఱుతులు. పాఖాల చెరువు మంత్రి జగదల ముమ్మడి పేర శాసనమునకెక్కినది. ఆ పాఖాల వైపున పుట్టు మున్నేరు మానుకోట సీమ మీదుగా, అనగా నేటి మహబూబాబాదు జిల్లా మీదుగా, ఖమ్మము దాటి కృష్ణలో కలియును. మహబూబాబాదు జిల్లాలోనే బయ్యారము చెరువు కలదు. దానిని కట్టించినది గణపతిదేవుని సోదరి, నతవాడి రుద్రుని భార్యయైన మైలాంబ. ధర్మకీర్తిసముద్రమని దానికి పేరు పెట్టెను. ఆ చెరువు శాసనమందు కాకతీయుల తొలి పూర్వుల పేర్లు వరుసగ నున్నవి. ఒక గొప్ప రాజవంశపు వంశవృక్షము విజయస్తంభముమీద కాక, ఒక ఆడుబిడ్డ కట్టించిన చెరువు చెంత దొరకుట మాకు ముచ్చటగ తోచినది.

జనగామ మెట్టసీమ, పాల్కురికి సోమనాథుని పాలకుర్తి గల సీమ, ఇంతటి అదృష్టము నోచుకొనలేదు. అచ్చటి చెరువులు వాన కురిసిన యేడు నిండును, కురియని యేడు పగులును. దేవాదుల ఎత్తిపోతలచే గోదావరి నీరు ఆ వైపునకు చేరిన పిమ్మటనే కొన్ని చెరువులు వేసవిలోను తడి చూచుచున్నవి.

ఇక అసలు మాటకు వత్తుము. చెరువు శాసనములలో రాజుల వంశములు, మంత్రుల గోత్రములు, దానము గొన్న విప్రుల పేర్లు కానవచ్చును. కట్ట మోసిన ఒడ్డెవాని పేరును, ఆ నీటిలో వల వేసినవాని పేరును వెదకినను సాధారణముగా దొరకవు. చెరువు అనగా వరియని భూస్వాములమైన మనమును అలవాటుగా తలంచుచున్నాము. కాని చెరువు రెండు పంటల పొలము: కట్టకు దిగువ వరి, కట్టకు ఎగువ చేప. ఆ రెండవ పంటకు ఆయకట్టు పట్టా లేదు. దానిని పండించువానికి భూమియు లేదు. అతని సేద్యపు జ్ఞానము మన జ్ఞానమునకు ఏమాత్రమును తీసిపోదు.

కొరమీను సంగతి చూడుడు. తెలంగాణ తన రాష్ట్రపు చేపగా ప్రకటించుకొన్నది దీనినే. ఇది నీట మునిగియుండియు గాలి పీల్చును. చెరువు ఎండినపుడు తడిబురదలో దాగి కొంతకాలము బ్రతుకును. ఒడ్డున తుంగ, తామర యాకుల మాటున గ్రుడ్లు పెట్టి, తల్లిదండ్రులు ఎఱ్ఱని పిల్లల గుంపును వెన్నంటి కాచును. ఆ గుంపు నీటిపై కదలునపుడు క్రిందనున్న పెద్దచేపను పొడుచుట మిక్కిలి సులభము. పొడిచిన క్షణమున వందలకొలది పిల్లలు దిక్కులేనివగును. బొచ్చె, రవ్వ చేపల తీరు వేఱు. అవి నిలువ నీట గ్రుడ్లు పెట్టవు. వరద పాఱు నదిలోనే పెట్టును. అందుచేత పూర్వము వాని పిల్లలను నదులలో పట్టి తెచ్చెడివారు. 1957లో హీరాలాల్ చౌదరి కటకమున మందుసూదితో వానిచేత గ్రుడ్లు పెట్టించిన పిమ్మటనే పిల్లలను కేంద్రములలో పెంచి చెరువులకు పంచుట సాధ్యమైనది. తెలంగాణ ప్రభుత్వము 2016 నుండి ఉచితముగ చేపపిల్లలను చెరువులలో వదలించిన పథకమునకు మూలము ఆ ప్రయోగమే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పేరుతో 46,000కు పైబడిన చెరువులను పునరుద్ధరింప సంకల్పించి, పూడిక తీయించుటయు, ఆ యొండ్రుమట్టి మన చేలకు చేరుటయు పాఠకులెఱుగుదురు. గణపతిదేవుని వంశము పేరు ఒక ప్రభుత్వ పథకమునకు ఏడువందల యేండ్లకు పైగా గడచిన పిమ్మట పనికివచ్చినది!

కాని పూడిక తీసినంతమాత్రమున చేప బ్రతుకదు. తొలి వానలకు మత్తడి పాఱగానే చేపలు నీటికి ఎదురెక్కును. గ్రుడ్లతో నిండిన ఆ చేపలనే బుట్టలొగ్గి పట్టిన, మఱుసటి యేటి పంటను ఈ యేడే తిన్నట్లు. దోమతెరవంటి సన్నకన్నుల వలలతో పరిగెలను, పిల్లలను ఊడ్చుట మఱియొక పాపము. పేద బెస్తవాడు ఆకలిచే చేసెనన్న కొంత యర్థమున్నది. చెరువు పాట పాడి ఒక్క యేటిలో సొమ్ము రాబట్టుకొనగోరు బయటి గుత్తదారుని ఆశకు ఏ యర్థమును లేదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అను చేపను నిషేధించినను చాటుగ పెంచి అమ్ముచున్నారు. అది తప్పించుకొని చెరువున పడెనా, స్థానికమైన జెల్లలు, మార్పులు, పరిగెలు దాని కడుపున పడును.

మా పాఠకులలో ఆయకట్టుదారులు పెక్కుమంది. వారితో ఒక మాట నిష్ఠురమైనను చెప్పవలసియున్నది. యాసంగి చివర ఒక తడికై తూము తలుపు పూర్తిగ ఎత్తి చెరువును అడుగంట నెండించునది మనమే. ఆ చివరి జానెడు నీటితో మన వరిలో మిగులునది స్వల్పము. దానితో పోవునది తల్లిచేపలన్నియు. తూము అడుగుకంటె దిగువ కొంత నీరు నిలుచునట్లు చెరువు మధ్యమున లోతుగుంట ఉంచుకొనిన ఊళ్లలో వేసవి దాటిన చేప తొలకరికి తానే విత్తనమగును. పట్టణవాసులకును పాలు కలదు. మంచుపెట్టెలలో దూరమునుండి వచ్చిన చేపను బేరమాడక కొని, గట్టున తాజా పరిగెలమ్ము ముదిరాజు స్త్రీతో అర్ధరూపాయికి వాదించుట మనకు అలవాటు. గంగపుత్రులకును ముదిరాజులకును నడుమ చెరువు హక్కుల వివాదము రగులుచున్నది. సహకార సంఘములలో ఎవరికి సభ్యత్వమన్నదే తగవు. ఇరువురికిని చాలునంత చేప చెరువున నుండిన ఆ తగవు సగము చల్లాఱునని మా నమ్మకము.

చెరువుల ప్రభువు సముద్రమును కూడ మఱువలేదు. 1244లో ఆయన మోటుపల్లి రేవున నిలిపిన అభయశాసనము ప్రసిద్ధమైనది. అంతకు పూర్వపు రాజులు తుపానుకు కొట్టుకొనివచ్చి పగిలిన యోడల సరకును తమదిగ చేసికొనుచుండిరి. సముద్రము సగము దోచినవానిని రాజు మిగిలిన సగము దోచుట అన్నమాట. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, ప్రాణములకొడ్డి సముద్రము దాటివచ్చినవారి సొత్తు వారిదేయని, రేవు సుంకము తప్ప మఱేమియు పుచ్చుకొనమని ప్రకటించెను. ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. కర్పూరము, చందనము, ముత్యములు, దంతము, పట్టు మొదలగు సరకులు ఆ శాసనమున పేర్కొనబడినవి. వర్తకులు భయము మాని వచ్చిరి; బొక్కసమును నిండెను. ఇందు ధర్మమెంత, లాభమెంతయని తూచనక్కఱ లేదు. రెండును ఒకే దారిన నడచినవి.

వార్ధక్యమున ఆయనకు కుమారులు లేరు. రుద్రమ, గణపాంబయను కుమార్తెలిరువురు. గణపాంబను ధరణికోట బేతరాజునకిచ్చి, రుద్రమకు పురుషవేషమున రాజ్యశిక్షణ యిప్పించి, తాను జీవించియుండగనే ఆమెను సింహాసనమునకు దగ్గఱ చేసెను. 1263లో నెల్లూరి చెంతనున్న ముత్తుకూరు వద్ద పాండ్యులతో జరిగిన యుద్ధమున కాకతీయసేన ఓడిపోయెను. అఱువది యేండ్లు గెలుపునకు అలవాటుపడిన వృద్ధునకు ఆ దెబ్బ తగిలినంతగా మఱేదియు తగులలేదు. ఆ పిమ్మట రాజ్యభారము సాంతము కుమార్తెదే యయ్యెను. ఆయన మరల రాజకార్యములలో కానరాడు.

మోటుపల్లి కీర్తి మాత్రము ఆయన తరువాతను వ్యాపించెను. వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఆ రేవు పేరనే ఈ రాజ్యమును వర్ణించి, రుద్రమను గణపతిదేవుని విధవగ పొరపడి వ్రాసెను. ఇప్పుడు బాపట్ల జిల్లాలోనున్న ఆ యూరికి ఓడలు రావు. అది చేపలవారి పల్లె. గ్రుడ్లు పెట్టుకాలమున సముద్రమునకు విశ్రాంతినిచ్చుటకై ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, అఱువదియొక్క దినములు, తూర్పుతీరమున మరపడవలు వేటకు పోరాదు. ఆ దినములలో అవి మోటుపల్లి సీమ యిసుకమీదను వరుసగ నిలిచియుండును.