గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు

బిడ్డ నాలుగక్షరములు నేర్చి నెలజీతమునకు కుదురుకొనిన చాలునని కోరని తల్లిదండ్రులు అరుదు. రైలుబండ్ల రాకపోకలతో పాటు రైల్వే కొలువులనుగూడ చూచుచు పెరిగిన దొనకొండవారికి ఆ కోరిక బలము వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్టి కొలువు చేతికందు సమయమున దానిని పోగొట్టుకొనుటకైన వెనుదీయక, తన మనస్సు ఒప్పిన దారిని నడచిన మహనీయులు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. తెలుగు పల్లెలలో గ్రంథాలయములు నిలుచుటకు పాటుపడిన పెద్దలలో వారొకరు గనుక, ఈ రజతోత్సవ సమయమున వారి చరిత్ర స్మరింపదగినది.

వారు 1883 సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించిరి. 1970లో ఒంగోలు కేంద్రముగ కొత్త జిల్లా యేర్పడువఱకు మార్కాపురము, గిద్దలూరు సీమలు కర్నూలు జిల్లాలోనివే. కావున వారు ఈ సీమకు పరాయివారు కారు. పేదకుటుంబమున పుట్టి, విద్యార్థి వేతనములతో చదువు సాగించి, మద్రాసులో ఎం.ఏ. పట్టము పొందిరి. తరువాత ఉపాధ్యాయ శిక్షణకై రాజమహేంద్రవరము చేరిరి. ఆ శిక్షణ ముగిసిన గౌరవమైన సర్కారు ఉద్యోగము సిద్ధముగ నుండెను.

అది వందేమాతర ఉద్యమకాలము. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాల్‌గారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించిరి. విద్యార్థులు వందేమాతర చిహ్నములను ధరించి తరగతులకు పోయిరి. కళాశాలాధికారి మార్క్ హంటరు దొర దానిని సహింపలేదు. పెక్కుమంది శిక్షల పాలైరి. సర్వోత్తమరావుగారిని శిక్షణ కళాశాలనుండి వెడలగొట్టి, సర్కారు కొలువునకు అనర్హులుగ ప్రకటించిరి. మౌనముగ నుండినచో వారిని తప్పుపట్టువారు లేరు. లోకము బుద్ధిమంతుడనియే మెచ్చి యుండును. ఆ మెప్పు వారికి అక్కఱలేకపోయెను.

ఆ యేడే కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి విజ్ఞానచంద్రికా మండలి వారి అబ్రహాం లింకను చరిత్రమును తన మొదటి గ్రంథముగ ప్రకటించెను. 1908లో వారు బెజవాడనుండి స్వరాజ్య పత్రికను నడిపిరి. తిరునెల్వేలిలో ప్రజలపై జరిగిన కాల్పులను ఖండించుచు అందులో వెలువడిన వ్యాసమునకు ప్రభుత్వము వారిపై రాజద్రోహ నేరము మోపెను. మూడేండ్ల కఠినశిక్ష పడెను. ఆంధ్రదేశమున రాజకీయ ఖైదీలలో వారు ప్రథములని పేరుగాంచిరి. శిక్ష ముగించుకొని వచ్చిన వారికి ఆశ్రయమిచ్చుటకు సైతము జనులు జంకిరి. సర్కారు కోపమున్న చోట చుట్టములు కూడ దూరమగుట ఆనాటి రీతి.

కాలము మాఱెను. జంకిన లోకమే వారిని ఆంధ్ర తిలకుడని కొనియాడెను. నిందకు చలింపనివారు సైతము పొగడ్తకు లొంగుట కలదు. సభలలో జయజయధ్వానములు లభించు దారి వారి యెదుట తెఱచియుండెను. పత్రికలలో పనిచేసిరి, మద్రాసు శాసనమండలిలో సభ్యులైరి. అయినను వారి హృదయము నిలిచినది గ్రంథాలయములయందును, వయోజన విద్యయందును. పగలెల్ల పొలమున శ్రమించిన రైతు రాత్రి దీపము క్రింద అక్షరములు దిద్దుట చూచి చప్పట్లు కొట్టువా రుండరు. ఆ పనియే వారికి ప్రియమయ్యెను.

1914లో బెజవాడలో స్థాపింపబడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు వారు పెక్కేండ్లు అధ్యక్షులుగ నుండిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు, పాతూరి నాగభూషణముగారు మున్నగువారితో కలిసి ఆ ఉద్యమమును సాగించిరి. 1935లో కృష్ణా కాలువమీద పడవలో పుస్తకములను పల్లెలకు చేర్చిన యుద్యమ మిదియే. ఊరివారి చందాలతో బ్రతుకుచున్న పుస్తకశాలలకు చట్టము అండ కావలెనని గ్రంథాలయ సేవకులు కోరుచు వచ్చిరి. 1948లో మద్రాసు రాష్ట్రమున గ్రంథాలయ చట్టము వచ్చి, గ్రంథాలయ పన్ను వసూలునకు వీలు కలిగించెను.

సర్వోత్తమరావుగారు 1960 ఫిబ్రవరి 29వ తేదీన పరమపదించిరి. వారు తమకు నచ్చిన దారి నెన్నుకొనిరి; దాని వెలను తామే చెల్లించిరి. తమ సంతోషమును ఇతరుల విద్యలో కనుగొనిరి. ఊరి పెద్దలు మెచ్చు చదువొకటి, తన మనస్సు కోరు చదువొకటియై నేడు తికమకపడు యువకుడు గ్రంథాలయమున ఒక మూల కూర్చుండి తనకు నచ్చిన పుస్తకమును తెఱచినప్పుడు, ఆ పుస్తకము అచ్చట నుండుటకై తన కొలువును కోల్పోయిన ఎం.ఏ. పట్టభద్రుడొకడు జీవితమంతయు పాటుపడెనని తలచుకొనుట మంచిది.