ఆదుర్తి సుబ్బారావు

తెరమీద పేర్లు వచ్చేటప్పుడు 'కూర్పు' అన్న మాట ఒకటి కనిపిస్తుంది. నటీనటుల పేర్లు చదివినంత శ్రద్ధగా దానిని చాలామంది చదవరు. ఆ పని నేర్చుకొని, తెలుగు దర్శకులలో అగ్రశ్రేణికి చేరినవారు ఆదుర్తి సుబ్బారావు.

ఆయన 1912 డిసెంబరు 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. ఫొటోగ్రఫీ నేర్చుకోవాలని బొంబాయి వెళ్ళి చదువులో చేరారు. ఆ చదువు పూర్తికాలేదు. ఫిల్మును కడిగి ప్రతులు తీసే లాబొరేటరీలో పనికి కుదిరారు. అక్కడినుండి ఎడిటింగు గదికి చేరారు. మధ్యలో ఆగిన చదువు అక్కడ మరో రూపంలో సాగింది.

ఆ రోజులలో కూర్పు చేతిపని. తెరమీద సెకనుకు 24 బొమ్మలు కదలాలి. ఒక నిమిషం దృశ్యానికి 90 అడుగుల ఫిల్ము కావాలి. ఒకే దృశ్యాన్ని దూరంనుండి, దగ్గరనుండి పలుమార్లు తీస్తారు. అందులో ఏది ఉంచాలో, ఏది తీసివేయాలో చూసి, కత్తిరించి అతికించాలి. ఒక పాత్ర మాట ముగియగానే కత్తిరిస్తే ఒక భావం కలుగుతుంది. వింటున్న పాత్ర ముఖాన్ని మరి మూడడుగులు, అంటే రెండు సెకన్లు, నిలిపితే వేరొక భావం కలుగుతుంది. ఈ లెక్క పుస్తకాలవల్ల వచ్చేది కాదు.

ప్రసిద్ధ నర్తకుడు ఉదయశంకర్ మద్రాసు జెమినీ స్టూడియోలో తీసిన 'కల్పన' (1948) చిత్రానికి ఆదుర్తి సహాయకులుగా పనిచేశారు. 1954లో 'అమర సందేశం'తో దర్శకులయ్యారు. అన్నపూర్ణా సంస్థకు తీసిన 'తోడికోడళ్ళు' (1957), 'మాంగల్యబలం' (1959) ఆయనకు మంచి పేరు తెచ్చాయి.

అప్పట్లో హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలు సేలం జిల్లాలో ఉండేవి. ఆ సేలంలోని మోడరన్ థియేటర్స్ సంస్థకు ఆయన 1961లో 'కుముదం' అనే తమిళ చిత్రం తీశారు. మరుసటి ఏడు ఆ కథనే తెలుగులో 'మంచి మనసులు'గా మలిచారు. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష వినే పిల్లలకు ఇటువంటి రాకపోకలు వింత కాదు.

ఆయన చిత్రాలలో 'మూగ మనసులు' (1964) ముందుగా చెప్పదగినది. గోదావరిమీద పడవలో వెళుతున్న కొత్త దంపతులకు పూర్వజన్మ గుర్తుకు వస్తుంది. నేటి కథ ఎక్కడ ఆగి, నాటి కథ ఎక్కడ మొదలవుతుందో ప్రేక్షకుడు తడబడడు. కూర్పు తెలిసిన దర్శకుని నేర్పు అది. దానినే 1967లో హిందీలో 'మిలన్' పేరుతో తీశారు.

పేరున్న తారలుంటేనే చిత్రం ఆడుతుందని నమ్మే రోజులలో, 1965లో, ఆయన కొత్తవారితో 'తేనె మనసులు' తీశారు. రంగుల చిత్రం కావడంతో ఖర్చు కూడా ఎక్కువే. అయినా అది విజయవంతమైంది. ఆ కొత్తవారిలో కృష్ణ ఒకరు. తరువాత అక్కినేని నాగేశ్వరరావుతో కలిసి, లాభం ఆశించకుండా, 'సుడిగుండాలు' (1967), 'మరో ప్రపంచం' (1970) నిర్మించారు. మొదటిదానికి జాతీయ పురస్కారం లభించింది. రెండవది ప్రజాదరణ పొందలేదు. ఆ వరుసలో మూడవది రాలేదు.

1975 అక్టోబరు 1న ఆదుర్తి మరణించారు. ఆయన వద్ద పని నేర్చిన కె. విశ్వనాథ్ అప్పటికి స్వయంగా దర్శకులై దాదాపు పదేళ్ళయింది.