మట్టిలో మందు వెతికించిన సుబ్బారావు

నూజివీడు: తొలకరి జల్లుకు మామిడి తోటల్లో లేచే మట్టి వాసన తెలియని రైతు ఉండడు. మట్టిలో బతికే కొన్ని సూక్ష్మజీవుల వల్లనే ఆ వాసన వస్తుంది. ఆ జాతి జీవుల నుంచే ప్రాణాలు నిలిపే మందు తీయించిన శాస్త్రవేత్త డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన భీమవరంలో 1895 జనవరి 12న పేద కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి పారిపోయారు. తల్లి వెంకమ్మ పట్టుదలతో మళ్లీ చదువులో పడ్డారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే విరేచనాల వ్యాధితో రోజుల తేడాలో మరణించడం ఆయనను పరిశోధన వైపు మళ్లించింది.

1922లో అమెరికా చేరి, రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగుతూ పగలు చదివారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరి, తర్వాత పరిశోధన విభాగాధిపతి అయ్యారు. బోదకాలుకు మన పల్లెల్లో పంచుతూ వచ్చిన డి.ఇ.సి. మాత్ర అక్కడి పరిశోధన ఫలితమే.

అంతకుముందు మెదడు పొరలు వాచే మెనింజైటిస్ వస్తే బతికేవారు తక్కువ. సల్ఫా మందులు, పెన్సిలిన్ వచ్చాక ఆ స్థితి మారింది. అయితే పెన్సిలిన్‌కు లొంగని క్రిములెన్నో మిగిలాయి. వాటికి మందు మట్టిలో వెతికే పనిని సుబ్బారావు డుగ్గర్ అనే వృద్ధ వృక్ష శాస్త్రవేత్తకు అప్పగించారు. ఎన్నోచోట్ల నుంచి మట్టి తెప్పించారు. మిస్సోరీ విశ్వవిద్యాలయ పొలం మట్టిలో బంగారు రంగు జీవి దొరికింది. దాని నుంచి వచ్చినదే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. సూది అక్కర లేకుండా నోటితో మింగవచ్చు.

నేడు వాడే డాక్సీసైక్లిన్ ఆ వంశానిదే. పొదల్లోని నల్లి వంటి పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్‌కు డాక్టర్లు ఇచ్చే ముఖ్యమైన మందు అది. ఆ జ్వరం ముదిరితే పెద్దవారిలోనూ మెదడు పొరలకు పాకుతుంది. ఇతర బ్యాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్‌కు మాత్రం సాధారణంగా ఆసుపత్రిలో సెఫ్ట్రియాక్సోన్ వంటివి నరానికి ఎక్కించవలసిందే.

1948లో ఆరియోమైసిన్ సంగతి లోకానికి వెల్లడైంది. పత్రాల మీద డుగ్గర్ పేరు ఉంది. సుబ్బారావు తన పేరు ముందుకు తెచ్చుకోలేదు. అదే ఏడు ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలో కన్నుమూశారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. 1922లో ఓడ ఎక్కినవారు మళ్లీ స్వదేశానికి రానూ లేదు.