రోగి వెంట వచ్చినవారు – డాక్టర్ అన్నా కుగ్లర్ గారి జీవితము

మన అరకు కొండలలో ఒకరికి జబ్బు ముదిరినచో డోలీ కట్టి మోయువారు నలుగురు, వెంట నడచు ఇంటివారు ఇద్దరు ముగ్గురు ఉందురు. విశాఖపట్నములోని పెద్దాసుపత్రికి నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. అక్కడ రోగికి మంచము దొరకినను, వెంట వచ్చినవారు ఎక్కడ పండుకొందురు, ఎక్కడ వండుకొందురు? ఈ కష్టమును ఎరిగిన మేము, శతాబ్ది సంచికలో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారిని స్మరించుచున్నాము.

కుగ్లర్ గారు 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జన్మించిరి. 1879లో అక్కడి స్త్రీల వైద్య కళాశాలలో పట్టము పొంది, 1883లో లూథరన్ మిషను తరఫున గుంటూరు వచ్చిరి. స్త్రీ డాక్టరును పంపుటకు మిషను బోర్డు అప్పటికి సిద్ధముగా లేదు. కనుక బాలికల పాఠశాలల పనియు, జనానా ఇండ్లలో బోధించు పనియు అప్పగించిరి. అయినను ఆమె మందులు చేతబట్టుకొని ఇంటింటికి వెళ్లి రోగులను చూచిరి. మగ వైద్యునికి చేయి చూపని ఘోషా స్త్రీలకు ఆమె రాకయే ఆదరణ. కొన్ని అగ్రకులముల ఇండ్లలో ఆమెను ముట్టరానిదానిగా చూచినను, పిలిచినప్పుడు వెళ్లుట మానలేదు.

1898లో గుంటూరులో ఆసుపత్రి తెరువబడెను. నర్సు కాథరిన్ ఫాస్ గారు తోడుగా నిలిచిరి. తెలుగు యువతులు అక్కడ నర్సు పని నేర్చుకొనిరి. తన భార్యకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు జమీందారు భుజంగరావు గారు ఆసుపత్రి ఎదుట రోగుల కుటుంబములకు ఒక సత్రము కట్టించిరి. రోగితోపాటు ఇంటివారికిని చోటు కలిగెను. రోగిని, కుటుంబమును కలిపి ఆదరించవలెనను మాట 1967లో సిసిలీ సాండర్స్ గారు లండనులో హాస్పిస్ తెరచిన పిదప లోకమంతట వ్యాపించెను.

సుమారు 47 ఏండ్ల సేవ తరువాత కుగ్లర్ గారు 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూసిరి. ఆసుపత్రికి ఆమె పేరు నిలిచెను.

ఇక చేయునది లేదు, ఇంటికి తీసికొని పొండని డాక్టర్లు చెప్పిన దినమున డోలీ తిరిగి కొండ ఎక్కును. మందు ఆగినను సేవ ఆగకూడదు. ఒళ్లు తుడుచుట, ప్రక్క మార్చి పండబెట్టుట, ఎండిన పెదవులు తడుపుట, నొప్పికి మందు వేళకు ఇచ్చుట ఇంకను మిగిలియే యుండును. ఈ భారమంతయు తరచుగా ఆ ఇంటి ఆడకూతురు ఒక్కతెయే మోయుచున్నది. మనలో ఎందరము ప్రార్థన చేసి వెంటనే లేచి వచ్చితిమి? ఇకమీదట ఒకరు రాత్రి కాపు ఉండి ఆమెను నిద్రపోనిత్తము. మరియొకరు నీళ్లు, కట్టెలు తెత్తము. గుంటూరులో సత్రము చేసిన పనిని ఇక్కడ మన చేతులు చేయగలవు.